చిచెన్ ఇట్జాకి బస్సు టూరా, సొంతంగా వెళ్లి గైడ్‌ని పెట్టుకోవడమా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒక కుటుంబం డల్లాస్ నుంచి డిసెంబరు చివర్లో నాలుగు రోజులు మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తోంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, ఎనిమిదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు వెంట ఉన్నారు. ఒక రోజు చిచెన్ ఇట్జా అనే పాత మాయా నగరం శిథిలాల కోసం పెట్టుకున్నారు. హోటల్ లాబీలో అమ్మే బస్సు టూర్ సరిపోతుందా, గైడ్ అవసరమా, లోపల ఏం చూడాలి?

బస్సు టూర్ వద్దు. గైడ్ మాత్రం తప్పకుండా కావాలి. ముందు రోజు సాయంత్రమే వాయదొలీద్ అనే ఊరికి చేరుకుని రాత్రి అక్కడ పడుకోండి. అక్కడి నుంచి చిచెన్ ఇట్జా దాదాపు 45 కిలోమీటర్లు, ముప్పావు గంట ప్రయాణం. గేటు పక్కనే ఉన్న పిస్తే ఊళ్లో దిగినా మంచిదే. పొద్దున ఏడున్నరకి గేటు ముందు ఉండండి, ఎనిమిదికి తెరుస్తారు. గైడ్‌ని అక్కడే మాట్లాడుకోండి.

బస్సు టూర్ వద్దనడానికి కారణం దాని టైమ్‌టేబుల్. ఏడింటికి మొదటి హోటల్ దగ్గర ఎక్కించుకుంటారు. మిగతా హోటళ్లన్నీ తిరిగి హైవే ఎక్కేసరికే గంట పైన పోతుంది. దారిలో ఒక చేతిపనుల దుకాణం దగ్గర ఆపుతారు, తర్వాత బఫే భోజనం, ఒక్కోసారి దానికన్నా ముందే సెనోటే అనే సహజమైన నీటి గుంటలో ఈత. శిథిలాల దగ్గరికి వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. లోపల దొరికేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. అందులో గైడ్ మాట్లాడేది నలభై నిమిషాలు, మిగతాది ‘ఫ్రీ టైమ్’. ఆ సమయంలో పెద్ద పిరమిడ్, బంతాట మైదానం తప్ప ఇంకేమీ చూడలేరు. దక్షిణం వైపున్న పాత ఊరికి ఆ గుంపులు అసలు వెళ్లవు. నా లెక్కలో చిచెన్ ఇట్జాలో సగం విలువ అక్కడే ఉంది. ఇంకో మాట, చవకగా కనిపించే టూర్ ధరలో చాలాసార్లు ప్రవేశ రుసుము కలిపి ఉండదు. బస్సులో కూర్చున్నాక ‘ట్యాక్స్’ పేరుతో వసూలు చేస్తారు. కొనేముందు ఆ ఒక్క ప్రశ్నా అడిగితే తెలిసిపోతుంది.

ఎక్కువమంది పొరపడేది గడియారం దగ్గర. కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి వేరే టైమ్ జోన్‌లో ఉంది. చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ రాష్ట్రం దానికన్నా గంట వెనక. మెక్సికోలో చాలా ప్రాంతాల్లో 2022లో డేలైట్ సేవింగ్ ఎత్తేశారు కాబట్టి ఏడాది పొడుగునా ఇదే తేడా. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు గంట పోతుంది. వాయదొలీద్‌లో ఆగడం కుదరక కాన్‌కూన్ నుంచే నేరుగా వెళ్లాలనుకుంటే, కాన్‌కూన్ సమయం ప్రకారం ఐదున్నర, ఆరు మధ్య బయలుదేరండి. దూరం 200 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. మీరు చేరేసరికి యుకతాన్ గడియారం ఏడు, ఏడున్నర చూపిస్తుంది. ఫోన్ తనంతట తాను మారుతుంది కానీ చేతి గడియారం మారదు.

కారు అద్దెకి తీసుకుంటే బీమా దగ్గర జాగ్రత్త. నెట్‌లో రోజుకి చాలా తక్కువ ధర కనిపిస్తుంది. మీ అమెరికా క్రెడిట్ కార్డు మీరు నడిపే కారుకి జరిగిన నష్టం వరకే చూసుకుంటుంది. మెక్సికోలో తప్పనిసరైన థర్డ్ పార్టీ బీమా దాని కిందకి రాదు. కౌంటర్ దగ్గర అది కలిపేసరికి బిల్లు రెండు మూడింతలవుతుంది. అందుకే ఆ బీమా కలిపిన ధరలతోనే పోల్చుకుని బుక్ చేయండి. దారుల్లో 180డి టోల్ రోడ్డు ఎంచుకోండి. టోల్‌కి కొన్ని వందల పెసోలు అవుతాయి, నగదు ఉంచుకోండి. టోల్ లేని పాత 180 ఊళ్ల మధ్య నుంచి వెళ్తుంది. ప్రతి ఊరికీ ముందూ వెనకా ‘తోపే’ అనే స్పీడ్ బ్రేకర్లుంటాయి, చీకట్లో కొన్ని కనపడవు.

వీసా గురించి ఒక్క హెచ్చరిక. గడువు దాటని అమెరికా వీసా పాస్‌పోర్ట్‌లో ఉంటే, లేదా గ్రీన్‌కార్డ్ ఉంటే, భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. మీ అమ్మానాన్నల విజిటర్ వీసా కూడా ఇందుకు పనికొస్తుంది. హెచ్1బీ స్టాంపింగ్ గడువు అయిపోయి కొత్త ఐ-797 ఆమోద కాగితం మాత్రమే ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. 30 రోజుల్లోపు తిరిగొస్తే చాలనే ఆటోమేటిక్ రీవాలిడేషన్ వెసులుబాటు అమెరికాలోకి తిరిగి రావడానికే. మెక్సికోలోకి వెళ్లడానికి అది పనికిరాదు. అలాంటివాళ్లు ముందే మెక్సికో వీసా తీసుకోవాలి.

టికెట్టు రెండు భాగాలు: ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, ఇంకోటి యుకతాన్ రాష్ట్ర ప్రభుత్వానిది. రెండు రసీదులూ లోపలికి వెళ్లేదాకా భద్రంగా ఉంచుకోండి. విదేశీయులకి రెండూ కలిపి 2025లో 700 పెసోల చుట్టుపక్కల ఉండేది, ఏటా పెరుగుతుంది. ఆదివారం మెక్సికో వాళ్లకి కేంద్రం టికెట్టు ఉచితం కాబట్టి ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు. మీ రోజుల్లో ఆదివారం వస్తే దాన్ని బీచ్‌కి వదిలేయండి. డిసెంబరు 26 తర్వాత మామూలు రోజుల్లోనూ పదిన్నరకల్లా మైదానం నిండిపోతుంది. డ్రోన్, ట్రైపాడ్ తీసుకెళ్లొద్దు, అనుమతించరు.

ఇక గైడ్. టికెట్ కౌంటర్ల దగ్గరే గుర్తింపు కార్డు మెళ్లో వేసుకున్న గైడ్‌లు ఉంటారు. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చిన ఆ కార్డు మీద ఫోటో, భాష, గడువు తేదీ ఉంటాయి, అడిగి చూడండి. తప్పేమీ కాదు, మంచి గైడ్ తనే చూపిస్తాడు. పార్కింగ్‌లోనో దారి మీదో చెయ్యెత్తి కారు ఆపి ‘టికెట్లు ఇక్కడే’ అనేవాళ్లని పట్టించుకోకుండా ముందుకి పోనివ్వండి. రేటు తలకి కాదు, గుంపుకి. మీ ఆరుగురికీ కలిపి ఒకే మొత్తం. డాలర్లా పెసోలా, ఎంతసేపు, ఇంకెవరినైనా మీతో కలుపుతారా అనే మూడు విషయాలూ డబ్బు ఇచ్చేముందే తేల్చుకోండి. రెండు గంటలకి తక్కువైతే ఒప్పుకోవద్దు. ‘దక్షిణం వైపు కరకోల్ బురుజు, మోంహాస్ కట్టడం దాకా వస్తారా?’ అని కచ్చితంగా అడగండి. కొందరు పెద్ద మైదానం తిప్పి అక్కడితో ముగిస్తారు.

బంతాట మైదానం గోడల మీద తల తెగిన ఆటగాడి చెక్కడం ఉంది. గైడ్ జ్ఞానం తెలుసుకోవడానికి దాని మీద ఒక ప్రశ్న చాలు: ‘బంతాటలో తల తెగింది గెలిచినవాడిదా, ఓడినవాడిదా?’ గెలిచినవాడిదే, అదే గొప్ప గౌరవం అని తడుముకోకుండా చెప్తే, ఆయన మిగతా కథలు కూడా అలాగే ఉంటాయి. ‘చెక్కడంలో తల తెగిన ఆటగాడు ఉన్నాడు, ఏ జట్టు గెలిచిందో మాత్రం రాయి చెప్పదు’ అన్నవాణ్ణి పట్టుకోండి. రాతి మీద ఉన్నదాన్నీ మనుషులు ఊహించినదాన్నీ విడదీసి చెప్పగలిగినవాడే ఇక్కడ గైడ్. పిల్లలకి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

లోపల నడవాల్సిన వరుస చెప్తాను. గేటు దాటి మైదానంలోకి రాగానే ఎల్ కస్తీయో కనిపిస్తుంది. కుకుల్కాన్ అనే ఈకల పాము దేవుడి పిరమిడ్ అది. ఒక్క అంచు 55 మీటర్లు, పైన గుడితో కలిపి ఎత్తు 30 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. నాలుగు వైపులా తలా 91 మెట్లు, అంటే 364, పైన గుడి అరుగు కలిపితే 365. ప్రతి ముఖం మీదా 52 పలకలు. మాయా వాళ్ల 260 రోజుల పంచాంగం, 365 రోజుల పంచాంగం రెండూ 52 ఏళ్లకొకసారి మళ్లీ ఒకే చోట కలుస్తాయి. మన అరవై ఏళ్ల చక్రం తెలిసిన అమ్మానాన్నలకి ఇది వెంటనే అర్థమవుతుంది. 2006లో ఒక పర్యాటకురాలు పడి చనిపోయాక ఎక్కడం ఆపేశారు. నిజానికి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అది మేలే. ఈ స్థలమంతా చదునుగా ఉంటుంది, నాలుగైదు కిలోమీటర్ల నడక తప్ప మోకాళ్లకి పని లేదు.

ఫోటో గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి. మరమ్మతు చేసి నిలబెట్టిన ముఖాలు ఉత్తరం, పడమర. పుస్తకాల అట్టల మీద కనిపించే దృశ్యం వాయవ్య మూల నుంచి తీసింది. డిసెంబరు పొద్దున సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు కాబట్టి ఆ మూల నుంచి తీస్తే ఎండ సూటిగా లెన్స్‌లో పడుతుంది, పిరమిడ్ నల్లగా వస్తుంది. పొద్దున్నే తూర్పు వైపు నిలబడండి. అటు రాళ్లు శిథిలంగానే వదిలేశారు, వెలుగు మాత్రం బాగుంటుంది. ఉత్తర మెట్ల కింద ఉన్న పాము తలలు ఆ నెలంతా ఎక్కువసేపు నీడలోనే ఉంటాయి. మార్చి, సెప్టెంబరు విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) సాయంత్రాల్లో ఆ మెట్ల పక్క గోడ మీద త్రిభుజాలుగా వెలుగు పడి పాము దిగుతున్నట్టు కనిపిస్తుందే, అది డిసెంబరులో జరగదు. దాని కోసం ఎప్పుడైనా వెళ్తే సరిగ్గా ఆ రోజున వెళ్లకండి. రెండు మూడు రోజులు అటూ ఇటూ అదే దృశ్యం కనిపిస్తుంది, జనం మాత్రం అంతమంది ఉండరు.

ఉత్తర మెట్లకి ఎదురుగా కాస్త దూరంలో నిలబడి పిల్లల చేత ఒక్క చప్పట కొట్టించండి. కిచుమని పిట్ట కూతలా తిరిగొస్తుంది. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట బాలాహిసార్ దాకా వినిపించడం వేరు, ఇది వేరు. ఇక్కడ ప్రతి మెట్టూ శబ్దాన్ని విడివిడిగా వెనక్కి కొడుతుంది. కింది మెట్ల నుంచి వచ్చే ప్రతిధ్వనులు దగ్గరదగ్గరగా, పైవాటి నుంచి ఎడంగా వస్తాయి. అందుకే స్వరం పై నుంచి కిందికి జారుతుంది. మాయా వాళ్లకి పవిత్రమైన కెత్సాల్ పక్షి కూత అలాగే ఉంటుంది. కట్టినవాళ్లు కావాలనే అలా కట్టారని గైడ్ అంటే, ఆ భాగం ఊహేనని పిల్లలకి చెప్పండి.

అక్కడి నుంచి తిన్నగా పడమరకి, బంతాట మైదానానికి. తొమ్మిదిలోపు చూడాల్సింది ఇదే. 168 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పుతో మెసోఅమెరికాలోకెల్లా (మెక్సికో, మధ్య అమెరికాల ప్రాచీన నాగరికతల ప్రాంతంలో) పెద్దది. గోడలు ఎనిమిది మీటర్లు, రాతి ఉంగరాలు ఆరు మీటర్ల ఎత్తున ఉన్నాయి. గోడల అడుగున ఆరు చెక్కుడు పలకలున్నాయి. ఒక్కోదాని మీద పద్నాలుగు మంది ఆటగాళ్లు, ఏడుగురి చొప్పున రెండు జట్లు. మధ్యలో తల తెగి మోకాలి మీద ఉన్నవాడి మెడ నుంచి రక్తం పాములై చిమ్ముతుంది. ఈ చెక్కడాలు లోతు తక్కువ. పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు పడమటి గోడ మీద ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. పన్నెండింటికి అదే పలక చదునైన బండలా ఉంటుంది. మధ్యాహ్నం వచ్చే బస్సు గుంపులు ‘ఏమీ కనపడలేదు’ అనడానికి కారణం అదే.

పక్కనే కపాలాల వేదిక, నాలుగు వైపులా వరసలుగా పుర్రెలు చెక్కారు. దాని దగ్గర ఐదు నిమిషాలు చాలు. తర్వాత ఉత్తరంగా దాదాపు 300 మీటర్ల పాత రాతిబాట పవిత్ర సెనోటేకి వెళ్తుంది. ఈ యుకతాన్ ద్వీపకల్పం ఉత్తర భాగమంతా సున్నపురాయి. వాన నీరు ఇంకిపోతుంది, పైన నదులుండవు. రాయి కూలి భూగర్భజలం బయటపడ్డ గుంటలే సెనోటేలు. ఊరి పేరుకి అర్థమే ‘ఇట్జాల బావి నోటి దగ్గర’ అని, ఇట్జాలు ఒక మాయా తెగ. ఈ బావి అడ్డంగా 60 మీటర్లు, అంచు నుంచి నీళ్లకి 27 మీటర్లు. 1904 నుంచి అమెరికా దౌత్యవేత్త ఎడ్వర్డ్ థాంప్సన్ పూడిక తీయించినప్పుడు బంగారం, పచ్చరాయి, ధూపం ముద్దలు, మనుషుల ఎముకలు వచ్చాయి. ‘కన్యలని తోసేవారు’ అనే కథ ఇక్కడే చెప్తారు. దొరికిన ఎముకల్లో మగవాళ్లు, ఆడవాళ్లు, చిన్నపిల్లలు అందరూ ఉన్నారు. ఇంకా ముఖ్యమైనది, ఈ బావి దగ్గరలోని ఒక భూగర్భ తొట్టెలో 1967లో దొరికిన పిల్లల అవశేషాల్లో 64 మందివి డీఎన్‌ఏ పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. అందరూ మగపిల్లలే. ఎక్కువమంది మూడు నుంచి ఆరేళ్లవాళ్లు, వాళ్లలో రెండు జతల ఏకరూప కవలలు. మీ ఎనిమిదేళ్ల పిల్లాడి ముందు ఇది ఎంతవరకు చెప్పాలో గైడ్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. చాలామంది అడగకుండానే వివరంగా చెప్పేస్తారు.

తిరిగొచ్చి యోధుల గుడి, వేయి స్తంభాల వరస చూసి, పదిన్నరకి జనం పెరుగుతుండగా దక్షిణానికి మళ్లండి. ఒసారియో పిరమిడ్ దాటగానే నిశ్శబ్దంగా ఉంటుంది. కరకోల్ అంటే నత్త, లోపలి మెట్లు మెలి తిరిగి ఉండడంతో ఆ పేరు. గుండ్రటి బురుజు పైభాగంలో మిగిలిన కిటికీల గుండా చూసే గీతల్లో కొన్ని శుక్రుడు ఉత్తరంగా, దక్షిణంగా అస్తమించే చివరి చోట్లకి సరిపోతాయి. శుక్రుడు మళ్లీ అదే దశకి రావడానికి 584 రోజులు. ఐదు శుక్ర చక్రాలు 2,920 రోజులు, ఎనిమిది సార్లు 365 కూడా 2,920. మీ పన్నెండేళ్ల పాప చేత ఈ లెక్క అక్కడే కట్టించండి, కళ్లముందు బురుజు ఉండగా. దాని వెనక మోంహాస్, ఇగ్లేసియా కట్టడాల మీద పొడుగు వంపు ముక్కుతో వాన దేవుడు చాక్ ముఖాలు. ఇది పుఊక్ అనే మాయా కట్టడ శైలి. నగరంలోని చాలా శాసనాల తేదీలు తొమ్మిదో శతాబ్దం చివరివి, ఎక్కువగా ఈ దిక్కునే ఉన్నాయి. కకుపకాల్ అనే పాలకుడి పేరు వాటిలో మళ్లీ మళ్లీ వస్తుంది. ‘మధ్య మెక్సికో నుంచి టోల్టెక్ జాతివాళ్లు దండెత్తి వచ్చి ఉత్తర భాగం కట్టారు’ అని పాత పుస్తకాల్లో ఉండేది. ఉత్తర, దక్షిణ భాగాల శైలుల కాలాలూ ఒకదాని మీదికొకటి వస్తున్నాయని తేలాక ఆ కథ అంత తేలిగ్గా నిలవడం లేదు. మీ గైడ్ ఈ వివాదాన్ని వివాదంగా చెప్తే ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగినట్టే.

అమ్మానాన్నలకి చెప్పాల్సినది ఇంకొకటి: ఎల్ కస్తీయో పైన గుడి తలుపుల దూలాలు మన సపోటా చెట్టు చెక్కవి. చెదపట్టని గట్టి చెక్క అది. సపోటా అనే మాట కూడా మధ్య మెక్సికో వాళ్ల నావాత్ల్ భాషలోని ‘త్సాపొత్ల్’ నుంచి స్పానిష్ మీదుగా మన దాకా వచ్చింది. చెట్టు పుట్టిల్లు ఈ ప్రాంతమే. ‘మాయా వాళ్లు మాయమైపోయారు’ అని ఎవరన్నా అంటే నమ్మకండి. బాట పక్కన బొమ్మలు అమ్మే వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది యుకతెక్ మాయా భాషే. మెక్సికోలో దానికి ఏడెనిమిది లక్షల మంది మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర పులి గాండ్రింపు ఈలలు కొంటే లోపల ఊదనివ్వకండి, అప్పటికే రోజంతా అవే మోగుతుంటాయి. బేరం వెళ్లేటప్పుడు కాక వచ్చేటప్పుడు చేయండి.

మనిషికి లీటరు నీళ్లు, టోపీ, పట్టుండే బూట్లు. తెల్లటి సున్నపు నేల వెలుగుని తిప్పికొడుతుంది కాబట్టి నాన్నగారికి చలువ కళ్లద్దాలు మరవకండి. శాకాహారులైతే తిండి దగ్గర చిక్కు కనిపించని కొవ్వుతో. చిక్కుడు ముద్ద చాలా చోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మాంతేకా’ అని మూడూ చెప్పండి: మాంసం, కోడి, పంది కొవ్వు లేకుండా అని. మాంసం వద్దంటే చాలా చోట్ల కోడి దాని కిందకి రాదనుకుంటారు. గుడ్డు తింటే పాపద్సూలెస్ బాగుంటాయి, గుమ్మడి గింజల పులుసులో ముంచిన రొట్టెలు. అబనేరో మిరప పచ్చడి మాత్రం గుంటూరు కారం అలవాటున్న నాలుకకైనా పావు చెంచాతో మొదలుపెట్టాలి.

మధ్యాహ్నం దగ్గర్లోని ఇక్ కిల్ సెనోటేలో దిగాలనుకుంటే పొద్దున్నే సన్‌స్క్రీన్ తక్కువ రాసుకుని పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. నీళ్లలోకి దిగేముందు స్నానం చేసి మొత్తం కడుక్కోమంటారు. నీళ్ల దాకా తడి మెట్లు చాలా ఉంటాయి, అమ్మానాన్నలు పై నుంచే చూడొచ్చు. ఈత వద్దనుకుంటే దానికి బదులు ఏక్ బలామ్ అనే ఇంకో మాయా నగరం శిథిలాలకి వెళ్లండి. వాయదొలీద్‌కి ఉత్తరంగా అరగంట దారి. అక్కడ రాజు ఉకిత్ కాన్ లేక్ తోక్ సమాధి ద్వారం రాకాసి నోరులా గచ్చుతో మలిచి ఉంటుంది, రెక్కల మనుషులతో సహా చెక్కుచెదరలేదు. అది చూడాలంటే మెట్లెక్కాలి. ఆ రోజు ఎక్కనిస్తున్నారో లేదో టికెట్ దగ్గరే కనుక్కోండి. ఉష్మాల్ అనే మాయా నగరం నిస్సందేహంగా ఇంకా అందమైనదే, కానీ మెరిదా నగరం దాటి 80 కిలోమీటర్లు, మీ నాలుగు రోజుల్లో ఇమడదు.

తిరుగు ప్రయాణానికి యుకతాన్ గడియారంలో మూడింటికి బయలుదేరండి. నాలుగయితే కాన్‌కూన్ హోటల్‌కి చేరేసరికి అక్కడ ఏడున్నర దాటుతుంది, చివరి గంటన్నర చీకట్లో నడపాల్సి వస్తుంది. ఆ రాత్రికే విమానం ఉంటే ఈ ప్రయాణం పెట్టుకోకండి, వేరే రోజుకి మార్చుకోండి.